ఎమిరేట్స్ విమానాల లెక్క: రన్‌వే నుంచి సీటు వెడల్పు దాకా

హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు రెండున్నర వేల కిలోమీటర్లు. నాలుగు గంటల లోపు ప్రయాణం. ఇంత దూరానికి చాలా సంస్థలు మధ్యలో ఒకే నడవ ఉండి, రెండు వందల మందికి అటూ ఇటూగా పట్టే చిన్న విమానాలనే నడుపుతాయి. ఎమిరేట్స్ మాత్రం ఎక్కడా ఆగకుండా పదమూడున్నర వేల కిలోమీటర్లు ఎగరగల బోయింగ్ 777-300ఈఆర్‌ను శంషాబాద్‌కు పంపుతుంది. జగిత్యాల నుంచి కోరుట్లకు గరుడ బస్సు నడిపినట్టు కనిపించే ఈ ఏర్పాటులో పైకి చూస్తే అర్థం లేదు. ఆ సంస్థ ఎటువంటి విమానాలు కొన్నది, ఎందుకు కొన్నది, వాటి లోపల సీట్లను ఎలా అమర్చింది అని వరుసగా చూసుకుంటూ పోతే అర్థం తెలుస్తుంది. ఫస్ట్ క్లాసులోని స్నానాల గది, ఎకానమీలో భుజాలు రాసుకునే ఇరుకు, రెండూ ఒకే లెక్క నుంచి పుట్టినవే.

శంషాబాద్‌కు చిన్న విమానం పంపకపోవడానికి మొదటి కారణం చాలా సాదాగా ఉంటుంది: ఎమిరేట్స్ దగ్గర చిన్న విమానాలు లేవు. 1985 అక్టోబరు 25న దుబాయ్ నుంచి కరాచీకి తొలి సర్వీసు నడిపినప్పుడు ఈ సంస్థకు ఉన్నవి పాకిస్తాన్ ఇంటర్నేషనల్ ఎయిర్‌లైన్స్ నుంచి అద్దెకు తెచ్చుకున్న విమానాలు. ఆ తర్వాత ఎయిర్‌బస్ తయారీ ఏ310, ఏ330, ఏ340 రకాలు వచ్చాయి, పోయాయి. 1996లో 777 వచ్చింది, 2008లో రెండంతస్తుల ఏ380 వచ్చింది. 2016 చివరికల్లా మిగతా పాత రకాలన్నీ విశ్రాంతి తీసుకోగా, ఆ తర్వాత ఎనిమిదేళ్ల పాటు ప్రయాణికుల సర్వీసులన్నీ ఈ రెండు రకాల మీదనే సాగాయి. ఇంత పెద్ద సంస్థ ఇంత తక్కువ రకాలతో, అవీ భారీ విమానాలతోనే బతకడం విమానయానంలో అరుదు. చిన్న విమానాలు కావలసిన దారులను 2017 నుంచి భాగస్వామిగా ఉన్న ఫ్లైదుబాయ్ తన 737లతో చూసుకుంటోంది.

రకాలు తక్కువైతే వచ్చే లాభం తెలిసిందే. ఒక రకం నడపడానికి శిక్షణ పొందిన పైలట్‌ను మరో రకం మీద కూర్చోబెట్టాలంటే మళ్లీ శిక్షణ, పరీక్షలు, సిమ్యులేటర్ గంటలు కావాలి. విడిభాగాల గోదాము కూడా రకానికొకటి ఉండాలి. అయితే ఆ పొదుపు సంగతి ఎలా ఉన్నా, ఉన్న రెండు రకాలూ ఇంత పెద్దవి కావడానికి అసలు కారణం దుబాయ్ విమానాశ్రయమే.

దుబాయ్ అంతర్జాతీయ విమానాశ్రయానికి ఉన్నవి రెండే రన్‌వేలు. అవి కూడా పక్కపక్కనే ఉండడంతో రెండింటి మీదా ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా విమానాలను దించడం, ఎగరేయడం కుదరదు. 2024లో ఈ విమానాశ్రయం మీదుగా 9.23 కోట్ల మంది ప్రయాణించారు. వాళ్లలో చాలా మందికి దుబాయ్ గమ్యం కాదు, దారిలోని కూడలి. హైదరాబాద్‌లో ఎక్కిన మూడు వందల యాభై మంది దుబాయ్‌లో దిగీ దిగగానే డల్లాస్‌కు, లండన్‌కు, జొహానెస్‌బర్గ్‌కు, తక్కిన గల్ఫ్ నగరాలకూ, ఇంకా ఎక్కడెక్కడికో విడిపోతారు. ఈ విడిపోవడం రెండు మూడు గంటల్లో జరగాలంటే విమానాలన్నీ గుంపుగా రావాలి, గుంపుగా వెళ్లాలి. గుంపుగా వచ్చే వేళ రన్‌వే మీద ఒక్కో విమానానికి దొరికేది కొద్ది నిమిషాల సందు మాత్రమే. ఆ సందులో నూట ఎనభై మందిని దించినా, ఐదు వందల మందిని దించినా రన్‌వేకు పట్టే సమయంలో పెద్ద తేడా ఉండదు. రన్‌వేలు పెంచే వీలు లేనప్పుడు విమానాన్ని పెంచడమొక్కటే దారి.

ఏ380ని ఎమిరేట్స్ అంతగా కోరుకున్నది అందుకే. ఎయిర్‌బస్ మొత్తం 251 ఏ380లను తయారు చేసి ఇస్తే వాటిలో 123 ఒక్క ఎమిరేట్స్‌కే వెళ్లాయి. రెండంతస్తులూ ఎకానమీతో నింపితే భద్రతా నియమాల ప్రకారం 853 మంది దాకా ఎక్కించవచ్చు. 2006లో జరిగిన పరీక్షలో అంతమందీ, ఇరవై మంది సిబ్బందీ కలిసి సగం తలుపుల నుంచే 78 సెకన్లలో బయటపడ్డారు. ఎమిరేట్స్ అంతమందిని ఎన్నడూ ఎక్కించలేదు. లండన్ హీత్రూ వంటి, రన్‌వే స్లాట్లు బంగారంతో సమానమైన చోట్లకు ఈ విమానాన్ని రోజుకు ఆరు సార్లు నడిపింది. 2013 జనవరిలో దుబాయ్‌లో ఏ380ల కోసమే కట్టిన కాంకోర్స్ ఏ తెరుచుకుంది. పై అంతస్తు టికెట్టు ఉన్నవారు లాంజ్ నుంచి నేరుగా విమానం పై అంతస్తులోకే నడిచి వెళ్లే ఏర్పాటు అందులో ఉంది. ఇంత చేసినా ఈ విమానానికి ఒక కఠినమైన షరతు ఉంది. నిండుగా వెళ్తే నాలుగు ఇంజిన్ల ఇంధనం ఖర్చు తలా కొంచెంగా పంచుకుపోతుంది. సగం ఖాళీగా వెళ్తే ఆ ఖర్చు భరించడం ఎవరి తరమూ కాదు. ప్రపంచంలో చాలా సంస్థలు దీన్ని రెండో పరిస్థితిలో చూసి వదిలించుకున్నాయి. ఎమిరేట్స్‌కు కూడలి ఉంది కాబట్టి నింపుకోగలిగింది.

మరి హైదరాబాద్‌కు ఏ380 ఎందుకు రాదు? 2014 జనవరిలో భారత ప్రభుత్వం ఏ380లకు అనుమతి ఇచ్చిన నాలుగు విమానాశ్రయాల్లో ఢిల్లీ, ముంబై, బెంగళూరులతో పాటు శంషాబాద్ కూడా ఉంది. అడ్డు రన్‌వే పొడవు కాదు. భారత్, దుబాయ్‌ల మధ్య విమాన సర్వీసుల ఒప్పందం ఒక్కో వైపు సంస్థలు వారానికి నడపగల సీట్లను 65 వేల పైచిలుకు దగ్గర కట్టడి చేసింది. అందులో లెక్కపెట్టేది సీట్లను, విమానాలను కాదు. దుబాయ్‌లో రన్‌వే సందు కొరత అయితే భారత్ వైపు సీట్ల కొరత. ఒక ఊరికి పెద్ద విమానం వేస్తే ఆ అదనపు సీట్లు మరో ఊరి వాటా నుంచి తీయవలసిందే. ఎమిరేట్స్ నడిచే తొమ్మిది భారతీయ నగరాల్లో ఏ380 వచ్చేది ముంబైకి, 2022 అక్టోబరు నుంచి బెంగళూరుకు మాత్రమే. విజయవాడ, విశాఖపట్నం ఈ తొమ్మిదింటిలో లేకపోవడానికి కూడా ఈ ఒప్పందమే ప్రధాన కారణం. కడప జిల్లా నుంచో గోదావరి జిల్లాల నుంచో గల్ఫ్‌కు పోయేవారు ఈ సంస్థ విమానం ఎక్కాలంటే హైదరాబాద్‌కో చెన్నైకో బెంగళూరుకో చేరుకోవాలి.

777కు ఇంకో బలం ఉంది, అది ప్రయాణికుడి కంటికి కనిపించదు. ఏ380 ఎంత పెద్దదైనా దాని పొట్టలో ప్రామాణిక సరుకు పెట్టెలు 38 పడితే, 777-300ఈఆర్ పొట్టలో 44 పడతాయి. పైన రెండంతస్తుల జనం ఉన్నందున ఏ380 పెట్టెల్లో సింహభాగం వాళ్ల సూట్‌కేసులకే సరిపోతుంది. 777లో ప్రయాణికుల సామాను పోగా మిగిలే చోటు చాలా ఎక్కువ. హైదరాబాద్ వంటి మందుల ఎగుమతి కేంద్రం నుంచి నాలుగు గంటల దూరానికైనా భారీ విమానం నడపడం గిట్టుబాటు కావడానికి ఆ చోటు కూడా ఒక కారణం. గరుడ బస్సు పోలిక ఇక్కడ కుదరదు. టాపు మీద సరుకు వేసుకునే బస్సు అనుకుంటే దగ్గరగా ఉంటుంది.

లోపలికి వెళ్తే లెక్క ఇంకా సూక్ష్మమవుతుంది. 777 క్యాబిన్ లోపలి వెడల్పు 5.87 మీటర్లు. తొలినాళ్లలో చాలా సంస్థలు ఈ వెడల్పులో ఎకానమీకి వరుసకు తొమ్మిది సీట్లు వేశాయి. ఎమిరేట్స్ మూడు, నాలుగు, మూడు చొప్పున పది వేసింది. దానితో ఒక్కో సీటు వెడల్పు పద్దెనిమిదిన్నర అంగుళాల నుంచి పదిహేడుకు తగ్గింది. అంగుళంన్నరే కదా అనిపించవచ్చు. కానీ దుబాయ్ నుంచి డల్లాస్‌కో శాన్‌ఫ్రాన్సిస్కోకో పదిహేను, పదహారు గంటల ప్రయాణం. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్తున్న అరవై దాటిన తల్లి నాలుగు సీట్ల మధ్య వరుసలో లోపలి సీట్లో కూర్చుంటే, ఎడమ భుజం ఒకరికీ కుడి భుజం మరొకరికీ తగలకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవలసిందే. చేతి పీటలు పక్కవాళ్లవి. భోజనం ట్రే తెరిచాక మోచేతులు పక్కలకు తెరుచుకోవు. లేవాలంటే పక్కనున్న మనిషిని నిద్ర లేపాలి. ఒక ముప్పై వరుసల విమానంలో వరుసకొక సీటు కలిపితే ముప్పై టికెట్లు అదనం. పదేళ్లకు పైగా ఆ ముప్పై టికెట్లు రోజూ ప్రతి సర్వీసులోనూ అమ్ముడవుతున్నాయి. ఈ ఇరుకును కప్పిపుచ్చేది సీటు వెనకాలి తెర. అన్ని తరగతుల్లోనూ ప్రతి సీటుకూ తెర పెట్టే పద్ధతిని ఎమిరేట్స్ 1992లోనే మొదలుపెట్టింది. అందులో తెలుగు సినిమాలూ దొరుకుతాయి. కాళ్లు చాపుకునే చోటు తక్కువైనా కాలక్షేపానికి లోటు రాకుండా చూడడం ఆ సంస్థ పాత కిటుకు.

ఏ380 ఎకానమీ వరుసలోనూ సీట్లు పదే. కింది అంతస్తు 777 కన్నా అర మీటరుకు పైగా వెడల్పు కాబట్టి ఒక్కో సీటుకు ఒక అంగుళం ఎక్కువ దొరుకుతుంది. ఒకే సంస్థ, ఒకే ధర, ఒకే తరగతి. విమానం రకాన్ని బట్టి కూర్చునే సుఖం మారుతుంది. టికెట్టు కొనేటప్పుడు విమానం రకం చూసేవారు తక్కువ.

ఏ380 పై అంతస్తు కథ వేరు. మూడు తరగతుల సాధారణ అమరికలో మొత్తం 517 సీట్లలో 427 కింద ఎకానమీలో ఉంటాయి. పై అంతస్తు మొత్తం 14 ఫస్ట్ క్లాసు సూట్లకు, 76 బిజినెస్ సీట్లకు, వెనక చివర బార్‌కు, ముందు చివర రెండు స్నానాల గదులకు పోతుంది. ఫస్ట్ క్లాసు ప్రయాణికుడికి స్నానాల గది అరగంట దొరుకుతుంది. నీళ్లు మాత్రం ఐదు నిమిషాలే వస్తాయి. ఎంత మిగిలిందో చూపే సూచిక గోడ మీద ఉంటుంది. సబ్బు రాసుకునేటప్పుడు కుళాయి కట్టేసి నీళ్లు పొదుపు చేసుకోవచ్చు. వేసవిలో నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూసే కాలనీల వారికి ఈ క్రమశిక్షణ కొత్తేమీ కాదు. ఆ నీళ్లన్నీ నేల నుంచి మోసుకెళ్లాలి, మోసిన ప్రతి కిలోకూ ఇంధనం కాల్చాలి. ఆ ముక్కు భాగంలో, మెట్ల దారి పక్కన మామూలు సీట్ల వరుసలు అమర్చడం ఎటూ కష్టం. ఆకారం వంకరగా ఉన్న చోటును అమ్ముకోవడానికి దొరికిన ఉపాయం స్నానాల గది. విలాసం అనే మాట తర్వాత వచ్చింది.

ఇదే పై అంతస్తును వేరేలా అమ్మాలనుకున్నప్పుడు ఏమవుతుందో 2015 డిసెంబరులో కోపెన్‌హేగన్ సర్వీసుతో మొదలైన రెండు తరగతుల ఏ380 చూపించింది. ఫస్ట్ క్లాసు తీసేసి, బిజినెస్‌ను 58కి తగ్గించి, ఎకానమీని 557కు పెంచారు. మొత్తం 615 సీట్లు. ఫస్ట్ క్లాసు టికెట్టు కొనే షావుకార్లు తక్కువ, సెలవులకు వెళ్లేవారు ఎక్కువ ఉండే దారులకు ఈ అమరిక. మూడు తరగతుల విమానంతో పోలిస్తే 130 ఎకానమీ సీట్లు అదనంగా వచ్చాయి. పై అంతస్తులో ఎంత చోటును కొద్దిమంది ఆక్రమించి ఉన్నారో ఈ అంకె చెబుతుంది.

ఇటీవలి మార్పుల్లో అన్నిటికన్నా ఆలోచించదగ్గది ఎకానమీకీ బిజినెస్‌కూ మధ్య తరగతి అయిన ప్రీమియం ఎకానమీ. ఎమిరేట్స్ దీన్ని ఆలస్యంగా, 2022 ఆగస్టు నుంచి నడపడం మొదలుపెట్టింది. పాత ఏ380లో కింది అంతస్తు ముందు భాగాన 88 ఎకానమీ సీట్లు తీసి ఆ చోట 56 ప్రీమియం సీట్లు పెట్టారు. వరుసకు ఎనిమిదే, రెండు, నాలుగు, రెండు చొప్పున, వెడల్పు 19.5 అంగుళాలు, ముందు సీటుకూ ఈ సీటుకూ మధ్య దూరం 40 అంగుళాలు. అంటే ఒక ప్రీమియం సీటు ఒకటిన్నర ఎకానమీ సీట్ల కన్నా కొంచెం ఎక్కువ చోటు తింటుంది. ధర దానికి మించి ఉంటేనే ఈ మార్పు లాభం. 777లో లెక్క మరింత బిగువు: ఐదు ఎకానమీ వరుసలు, అంటే యాభై సీట్లు తీసి 24 మాత్రమే పెట్టగలిగారు. ఎకానమీ అప్పటికే అంత ఇరుగ్గా ఉన్నందువల్ల మనిషి సుఖంగా కూర్చోగల ఒక్క సీటుకు రెండు సీట్ల చోటు ఇవ్వవలసి వచ్చింది. భుజాలు రాసుకుంటూ కూర్చున్నవారి ఫిర్యాదును ఇంతకన్నా స్పష్టంగా సంస్థే ఒప్పుకున్నట్టు మరే పత్రంలోనూ కనబడదు.

777 బిజినెస్ క్లాసులోనూ ఇలాంటి దిద్దుబాటే జరిగింది. పాత 777ల్లో బిజినెస్ సీట్లు రెండు, మూడు, రెండుగా ఉండేవి. లక్షలు పోసి కొన్న టికెట్టుకు ఇద్దరి నడుమ సీటు రావడం ఏళ్ల తరబడి ఆ సంస్థకు చెడ్డపేరు తెచ్చింది. మరమ్మతు అయిన 777ల్లో ఇప్పుడు ఒకటి, రెండు, ఒకటి చొప్పున వేసి, ప్రతివారికీ నేరుగా నడవలోకి దారి ఇచ్చారు. అలా మార్చిన తొలి అమరికలో 8 ఫస్ట్, 40 బిజినెస్, 24 ప్రీమియం, 260 ఎకానమీ కలిపి 332 సీట్లు.

ఈ మరమ్మతుకు సంస్థ ఉత్సాహంతో పూనుకున్నదనుకుంటే పొరపాటు. కొత్త విమానాలు రాకపోవడమే దానికి కారణం. 2013 నవంబరు దుబాయ్ ప్రదర్శనలో ఎమిరేట్స్ 150 బోయింగ్ 777ఎక్స్‌లకు ఆర్డరు ఇచ్చింది. అవి 2020లో రావలసినవి. తొలి పరీక్షా విమానం 2020 జనవరిలో ఎగిరింది గానీ, ధ్రువీకరణ కష్టాల మధ్య అందజేత ఏటికేడు వెనక్కి పోయి ఇప్పుడు 2027 దగ్గర నిలిచింది. ఆర్డరు మాత్రం మధ్యలో తగ్గినా మళ్లీ పెరిగి 270కి చేరింది. మరోవైపు 2019 ఫిబ్రవరిలో ఎమిరేట్స్ 39 ఏ380లను వద్దనుకోవడంతో ఎయిర్‌బస్ ఆ విమానం తయారీనే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. చివరి ఏ380 2021 డిసెంబరులో ఎమిరేట్స్‌కే చేరింది. ఒక రకం తయారీ ఆగిపోయింది, దాని స్థానంలోకి రావలసిన రకం రాలేదు. మధ్యలో ఉన్న పాత విమానాలే ఇంకో పదేళ్లు పనిచేయాలి. మొదట 120 విమానాలకు అనుకున్న క్యాబిన్ మార్పిడి 219కి, ఖర్చు దాదాపు 500 కోట్ల డాలర్లకు పెరిగింది. ఇంత మొత్తంతో కొన్ని కొత్త విమానాలు కొనవచ్చు. కొనడానికి అవి దొరకాలి కదా.

పని దుబాయ్‌లోని సొంత ఇంజినీరింగ్ కేంద్రంలోనే సాగుతోంది. 2022లో అసలు పనికి ముందు ఒక ఏ380ని విప్పి చూశారు. ఏ స్క్రూ ఎక్కడ ఉందో, ఏ సీటు తీయడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి రాసుకున్నారు. విప్పిన సీట్లు, గోడ పలకలు విమానం నుంచి వర్క్‌షాపుకు చేరేసే బండ్లు సరైన కొలతలో దొరక్క, భోజనాలు మోసే పాత ట్రక్కులనే అందుకు వాడుకున్నారు. ఎత్తుకు లేచి విమానం తలుపుకు ఆనే గుణం వాటికి ముందే ఉంది. తినుబండారాల బండిలో ఫస్ట్ క్లాసు సీట్లు దిగాయన్నమాట. ఒక్కో ఏ380ని పదహారు రోజుల్లో ముగించాలని లక్ష్యం పెట్టుకున్నారు. విమానం నేల మీద నిలిచిన ప్రతి రోజూ ఐదు వందల టికెట్ల ఆదాయం పోయినట్టే.

రెండు రకాల క్రమాన్ని చెరిపింది ఏ350. 2024 నవంబరులో తొలి విమానం అందింది, 2025 జనవరి 3న ఎడిన్‌బరోకు తొలి సర్వీసు నడిచింది. 312 సీట్లు: 32 బిజినెస్, 21 ప్రీమియం, 259 ఎకానమీ. ఫస్ట్ క్లాసు లేదు. ఎకానమీలో వరుసకు తొమ్మిదే, మూడేసి చొప్పున. నాలుగు సీట్ల మధ్య వరుస లేకపోవడం ఎకానమీ ప్రయాణికుడికి ఈ విమానం ఇచ్చే పెద్ద వరం. స్నానాల గది వార్తల ముందు దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఏ380 నింపలేని, 777 కూడా ఎక్కువయ్యే ఊళ్లకు ఇది ఉద్దేశించింది. ఇంతకన్నా పెద్దదైన ఏ350-1000ను మాత్రం ఎమిరేట్స్ తీసుకోలేదు. గల్ఫ్ వేడికీ ధూళికీ దాని ఇంజిన్ ఆశించినంత కాలం మరమ్మతు లేకుండా నిలవదని సంస్థ అధ్యక్షుడు టిమ్ క్లార్క్ 2023 దుబాయ్ ప్రదర్శనలో బాహాటంగానే అన్నారు. ఇసుక రేణువులు ఇంజిన్ లోపలి వేడికి కరిగి అందులో తిరిగే బ్లేడుల మీద పేరుకుంటాయి. యూరప్‌లో వేల సార్లు ఎగిరే ఇంజిన్‌ను ఇక్కడ అంతకన్నా ఎంతో ముందే విప్పవలసి రావచ్చు. ఎడారిలో కూడలి కట్టుకున్నందుకు చెల్లించే పన్ను అది.

ఈ లెక్క మొత్తం దుబాయ్ రన్‌వేల ఇరుకు మీద ఆధారపడింది కాబట్టి, ఆ ఇరుకు పోతే ఏమవుతుందన్న ప్రశ్న సహజం. 2024 ఏప్రిల్‌లో దుబాయ్ పాలకులు తమ రెండో విమానాశ్రయమైన ఆల్ మక్తూమ్‌ను ఐదు రన్‌వేలతో, ఏటా 26 కోట్ల మందికి సరిపడేలా విస్తరించే ప్రణాళికను ఆమోదించారు. అక్కడికి మారాక రన్‌వే సందు కొరత తగ్గుతుంది. ఏ380 ఉండి తీరాలన్న ఒత్తిడి కూడా తగ్గుతుంది. ఉన్న ఏ380లను 2040 దాకా నడపాలన్న ఉద్దేశాన్ని సంస్థ వ్యక్తం చేస్తూ వచ్చింది గానీ, తయారీ ఆగిపోయిన విమానానికి కొన్ని విడిభాగాలను విప్పేసిన తోటి విమానాల నుంచి తెచ్చుకోవలసిందే.

అప్పటికి హైదరాబాద్ దారిలోనూ, డల్లాస్ దారిలోనూ 777 స్థానంలో 777ఎక్స్ రకాల్లో ఒకటైన 777-9 రావచ్చు. దాని రెక్కల చివర్లు నేల మీద పైకి మడుచుకుంటాయి, 71.8 మీటర్ల రెక్కలు 64.8కి కుదించుకుని పాత 777 నిలిచే గేటు దగ్గరే నిలుస్తాయి. క్యాబిన్ గోడలను పలచన చేసి బోయింగ్ లోపలి వెడల్పును పది సెంటీమీటర్లు పెంచింది. ఎకానమీ వరుసలో సీట్లు మళ్లీ పదే అనుకుంటే, ఒక్కో ప్రయాణికుడి వాటాకు అదనంగా వచ్చేది ఒక సెంటీమీటరు.